రక్తంలో ఉందంటే ఏమిటర్థం

కిందటి మాఘమాసంలో మా మేనకోడలికి ఒక సంబంధం వచ్చింది. టెక్కలి వైపు వాళ్ళు, అబ్బాయికి విశాఖలో ఉద్యోగం. వాళ్ళకి పిల్ల నచ్చింది, పిల్లకీ అబ్బాయి నచ్చాడు, ముహూర్తాల మాట కూడా వచ్చింది. తర్వాత పది రోజులు కబురు లేదు. చివరికి మధ్యవర్తి ఫోన్ చేసి నసుగుతూ చెప్పాడు. "పిల్ల నాయనమ్మకి మతి పోయిందట కదమ్మా. ఆవిడ అక్కకీ అలాగే అయిందట, తల్లికీ అయిందట. రక్తంలో ఉందని వాళ్ళు భయపడుతున్నారు." సంబంధం అక్కడితో ఆగిపోయింది.

నేను ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పద్దెనిమిదేళ్ళుగా రక్తం తీస్తున్నాను. షుగరు, హిమోగ్లోబిన్, థైరాయిడ్, వానలు పడ్డాయంటే మలేరియా, అన్నీ రక్తంలోనే చూస్తాను. అలాంటిది "రక్తంలో ఉంది" అన్న మాట మా ఇంటి మీదకే వచ్చేసరికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏముంది రక్తంలో? ఎంత ఉంది? ఎవరికి ఉంది? అప్పటినుంచి దొరికిందల్లా చదువుతున్నాను, తెలిసిన డాక్టర్లని అడుగుతున్నాను. మా లాంటి ఇళ్ళు ఇటు గంజాం, గజపతి, రాయగడ వైపూ, అటు శ్రీకాకుళం వైపూ చాలా ఉంటాయి కాబట్టి నాకు అర్థమైనంత రాస్తున్నాను.

ముందు అమ్మ గురించి చెప్పాలి. పిల్ల మా తమ్ముడి కూతురు, ఆ నాయనమ్మ మా అమ్మే. మాది కిరాణా కొట్టు. బోర్డు మీద నాన్న పేరు, నడిపింది మాత్రం అమ్మ. ఇంట్లో తెలుగు, కొట్టుకి వచ్చే వాళ్ళతో ఒడియా, సంతరోజు కొండల మీద నుంచి చింతపండు, పసుపు, కొండచీపుళ్ళు తెచ్చే సవర ఆడవాళ్ళతో సవర. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటూ సవర నేర్చుకుని దానికి నిఘంటువు తయారుచేశారని మేం గర్వంగా చెప్పుకుంటాం గానీ, బళ్ళో అడుగుపెట్టకుండా మా అమ్మ నేర్చుకున్న సవర గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు. ఎవరికి ఎంత అరువు ఇచ్చిందో కాగితం మీద పెట్టేది కాదు, నోటిమీదే లెక్క. 2017లో ఒక సంతరోజు ఒకాయనకి చిల్లర రెండుసార్లు ఇచ్చేసింది. కొన్నాళ్ళకి బెల్లం ధర అడిగితే ఎప్పటిదో పాత ధర చెప్పింది. మేం వయసు అనుకున్నాం. చూపించిన ఒక డాక్టరు కూడా డెబ్బై దాటాక ఇది మామూలే అన్నాడు. ఆ మాట పట్టుకుని రెండేళ్ళు ఊరుకున్నాం, ఆ రెండేళ్ళు తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

తర్వాత విశాఖ తీసుకెళ్తే అక్కడి న్యూరాలజిస్టు ముందుగా అడిగింది బీ12, థైరాయిడ్. ఊరందరికీ ఆ టెస్టులు చేసేదాన్ని, మా అమ్మకి చేయాలని నాకు తట్టలేదు. బీ12 బాగా తక్కువ వచ్చింది. ఇంజెక్షన్లు వేయించాక కొన్ని నెలలు మొహంలో కళ వచ్చింది, పడిపోతున్న నడక కుదుటపడింది, లెక్కలు మాత్రం తిరిగి రాలేదు. ఎమ్మారైలో కొత్త జ్ఞాపకాలు నిలబెట్టే హిప్పోక్యాంపస్ రెండువైపులా కుంచించుకుపోయి కనిపించింది. అల్జీమర్స్ అన్నారు. చదివేవాళ్ళకి ఒక్కమాట, ఇంట్లో పెద్దవాళ్ళకి మతిమరుపు మొదలైందంటే వంశం మాట ఎత్తేముందు ఈ రెండు రక్తపరీక్షలూ చేయించండి. బీ12, థైరాయిడ్ లోపాల వల్ల వచ్చే మరుపు చాలావరకు మందులతో తగ్గే రకం. అది కూడా అల్జీమర్సే అనుకుని వదిలేస్తే అంతకంటే అన్యాయం లేదు.

అమ్మకి ముందు పోయింది సవర. తర్వాత ఒడియా. ఒడియాలో పలకరిస్తే నవ్వుతుంది, జవాబు తెలుగులో వస్తుంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రచురించిన పరిశోధన ఒకటి చదివినప్పుడు ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. డిమెన్షియా (మతి తగ్గిపోయే జబ్బులన్నిటికీ కలిపి పేరు, అల్జీమర్స్ అందులో ఒకటి) వచ్చిన 648 మందిని చూస్తే, ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు దాదాపు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడిందట, చదువురాని వాళ్ళలోనూ ఆ తేడా ఉందట. రాకుండా పోదు, ఆలస్యంగా బయటపడుతుంది, అంతే. అయినా మా అమ్మకి ఆ సంత, ఆ మూడు భాషల బేరాలు కొన్నేళ్ళు ఎక్కువ ఇచ్చాయేమో అనుకుంటే మనసుకి కొంచెం ఊరట. సరిహద్దులో పుట్టినందుకు రెండు రాష్ట్రాల ఆఫీసుల చుట్టూ తిరిగే కష్టమే ఎప్పుడూ చెప్పుకుంటాం కదా, ఇది కూడా చెప్పుకోవాలి.

విశాఖ నుంచి గుణుపురం పాసింజర్లో తిరిగొస్తున్నప్పుడు, నౌపడలో బండి ఆగింది. అమ్మ కిటికీ పక్కన నిద్రపోయింది. తమ్ముడు అంతసేపూ ఏమీ మాట్లాడనివాడు నెమ్మదిగా అడిగాడు, "అప్పా, ఇది మనకీ వస్తాదేటి?" వాడికి ఆరోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను.

అల్జీమర్స్‌లో వంశపారంపర్యం ఒకటే రకం కాదు. ఒకటి చాలా అరుదైంది. ఏపీపీ, ప్రెసెనిలిన్ 1, ప్రెసెనిలిన్ 2 అనే మూడు జన్యువుల్లో ఏదో ఒకదాంట్లో తప్పు ఉంటే, అది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన పిల్లలకి దాదాపు తప్పదు, సాధారణంగా అరవై ఐదు లోపే, కొందరికి నలభైల్లోనే మొదలవుతుంది. మొత్తం అల్జీమర్స్ కేసుల్లో ఇది నూటికి ఒకటి కూడా ఉండదు. మా ఇంట్లో అమ్మమ్మకీ, పెద్దమ్మకీ, అమ్మకీ డెబ్బై దాటాకే వచ్చింది. కాబట్టి మాది ఆ రకంలా లేదు.

రెండోది ఎక్కువమందికి సంబంధించింది. 19వ క్రోమోజోమ్ మీద ఏపీఓఈ అని ఒక జన్యువు ఉంది, కొవ్వుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసే ప్రొటీన్ తయారుచేస్తుంది. దీనికి ఈ2, ఈ3, ఈ4 అని మూడు రూపాలు. ఈ4 ఉన్నవాళ్ళకి అల్జీమర్స్ ప్రమాదం ఎక్కువని 1993లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు బయటపెట్టారు. ఒక కాపీ ఉంటే ప్రమాదం సుమారు మూడింతలు, తల్లి నుంచి ఒకటీ తండ్రి నుంచి ఒకటీ రెండు కాపీలు వస్తే ఎనిమిది నుంచి పన్నెండింతలు అంటారు. ఈ లెక్కలు ఎక్కువగా యూరప్, అమెరికా తెల్లవాళ్ళని చూసి వేసినవి, అది గుర్తుపెట్టుకోవాలి. ఢిల్లీ దగ్గర బల్లభ్‌గఢ్ పల్లెల్లో చేసిన అధ్యయనంలో ఈ4 ఉన్నవాళ్ళూ తక్కువే, అల్జీమర్స్ కూడా అమెరికాలోని పోల్చిన ఊళ్ళకంటే చాలా తక్కువే కనిపించింది. అన్నిటికంటే ముఖ్యం, ఈ4 ఉండి కూడా నిండు నూరేళ్ళు మతితో బతికినవాళ్ళు ఉన్నారు, అసలు ఈ4 లేకుండానే అల్జీమర్స్ వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. అమ్మకి ఒక కాపీ ఉందే అనుకోండి, నాకు వచ్చే అవకాశం సగం, తమ్ముడికి సగం. వాడికి వచ్చి ఉంటే వాడి కూతురికి మళ్ళీ అందులో సగం. ఇంత పలచబడిన అనుమానం మీద ఆ పిల్ల పెళ్ళి ఆపారు. ఒకటి దాచకుండా చెప్పాలి, మేనరికాలు తరతరాలుగా చేసుకునే మా ఇళ్ళలో రెండు కాపీలూ ఒకరికే చేరే అవకాశం కొంత పెరుగుతుంది. అది కూడా అవకాశమే.

ఇప్పుడు నన్ను బాగా పట్టేసిన సంగతికి వస్తాను. ఈ జన్యువులు మెదడులో ఎక్కడ పనిచేస్తాయి అని.

నేను రోజూ మైక్రోస్కోపు కింద తెల్లకణాలు లెక్కపెడతాను. యూరిన్ రిపోర్టులో పస్ సెల్స్ ఇన్ని అని రాస్తానే, అవీ తెల్లకణాలే, ఇన్‌ఫెక్షన్ మీదకి వెళ్ళినవి. మెదడులోకి వీటి రాకపోకలు మామూలుగా ఉండవు. అక్కడ కాపలా, శుభ్రం రెండూ చూసేవి మైక్రోగ్లియా అనే కణాలు. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో ఓర్టెగా వీటిని విడిగా గుర్తించి ఆ పేరు పెట్టాడు. తెల్లకణాలకి దాయాదులే గానీ ఎముక మజ్జలో పుట్టవు. పిండం ఇంకా చిన్న ముద్దగా ఉన్నప్పుడే సొనసంచిలో పుట్టి మెదడుకి చేరి అక్కడే స్థిరపడతాయని 2010లో ఎలుకల్లో చూపించారు. సన్నని కొమ్మలు చాచి చుట్టూ తడుముకుంటూ ఉంటాయట, ఎక్కడ చెత్త కనిపిస్తే అక్కడ తినేస్తాయట. అమ్మ కొట్టు సర్దుకునే తీరు గుర్తొచ్చింది నాకు, రాత్రి తలుపులు వేశాక కూడా చెయ్యి ఊరుకునేది కాదు, గల్లాపెట్టె కింద రాలిన శనగపప్పు కూడా ఏరేది.

అల్జీమర్స్‌లో న్యూరాన్లనే మెదడు కణాల బయట అమైలాయిడ్ అనే ప్రొటీన్ గడ్డకడుతుంది, లోపల టావ్ అనే ప్రొటీన్ చిక్కులు పడుతుంది. మైక్రోగ్లియా వెళ్ళి అమైలాయిడ్ గడ్డ చుట్టూ కంచెలా నిలబడి, కొంత తిని, మిగతాది పాకకుండా ఆపుతాయి. అలా నిలబడాలంటే వాటి ఒంటిమీద ట్రెమ్2 అనే గ్రాహకం, అంటే బయటి కబురు అందుకునే ప్రొటీన్, సరిగ్గా పనిచేయాలి. 2012 చివర్లో రెండు బృందాలు, ఒకటి లండన్ వైపుది, ఒకటి ఐస్‌లాండ్‌ది, ట్రెమ్2 జన్యువులో ఒక అరుదైన మార్పు ఉన్నవాళ్ళకి అల్జీమర్స్ ప్రమాదం రెండు నుంచి నాలుగింతలు ఉందని ఒకేసారి చెప్పాయి. అంతవరకూ మెదడులో ఈ ఇన్‌ఫ్లమేషన్, అంటే కణాలు రేగి పుట్టించే మంట, అంతా జబ్బు వచ్చాక జరిగే గందరగోళం అనుకునేవాళ్ళు ఎక్కువ. కాపలా కణం జన్యువులో తేడా ఉంటేనే జబ్బు ఎక్కువగా వస్తోందంటే, ఆ కణాలకి మొదటినుంచీ ఇందులో చెయ్యి ఉన్నట్టే కదా. తర్వాత సీడీ33, ఐఎన్‌పీపీ5డీ అని ఇలాంటి జన్యువులు ఇంకా చాలా బయటపడ్డాయి. 2022లో వచ్చిన పెద్ద జన్యు అధ్యయనంలో మన డీఎన్ఏలో ప్రమాదంతో ముడిపడ్డ చోట్లు 75 లెక్కతేలాయి, వాటిలో చాలా జన్యువులు మైక్రోగ్లియాలో పనిచేసేవే. పీఎల్‌సీజీ2 అనే జన్యువులో ఒక మార్పు అయితే తిరగబడి కాపాడుతుంది, అది ఉన్నవాళ్ళకి ప్రమాదం తక్కువ. రక్తంలో ఉండేది చెడే కానక్కర్లేదు, మంచి కూడా వస్తుంది, ఆ మాట ఏ మధ్యవర్తీ చెప్పడు.

ఈ కణాలు ఎలా చెడుతాయంటే, మొదట మంచిపనే చేస్తాయి. ఏళ్ళ తరబడి గడ్డలు తరగక, తిన్నది అరగక, లోపల కొవ్వు చుక్కలు పేరుకుపోయి, మంటపుట్టించే రసాయనాలు వదులుతూ ఉండిపోతాయి. న్యూరాన్ల మధ్య కబుర్లు అందించే అతుకులు, సినాప్సులని కూడా చెత్త అనుకుని తినేస్తాయని ఎలుకల్లో 2016లో చూశారు, జ్ఞాపకం అంటే ఆ సినాప్సులే కదా. ఈ4 రూపం రెండు కాపీలున్న వాళ్ళ మెదడులో ఇలా కొవ్వు నిండిన మైక్రోగ్లియా ఎక్కువగా ఉంటాయని 2024లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు చూపించారు. ఆశ్చర్యం ఏమిటంటే, అలాయిస్ అల్జీమర్ 1906లో ఆ మొదటి కేసు గురించి చెప్పి, మరుసటి ఏడాది అచ్చువేసిన దాంట్లో, ఆ చనిపోయినావిడ మెదడులో న్యూరాన్లకి తోడుండే గ్లియా కణాల్లో కొవ్వు కనిపించిందని రాసేశాడు. గడ్డలూ చిక్కులూ అందరికీ గుర్తున్నాయి, ఆ కొవ్వు వాక్యం దగ్గరికి తిరిగి రావడానికి నూరేళ్ళు పట్టింది.

అయితే మంట తగ్గించే మాత్ర వేస్తే సరి కదా అని నాకూ అనిపించింది. నెప్రోక్సెన్, సెలెకాక్సిబ్ లాంటి మాత్రలతో పెద్ద ట్రయల్ చేశారు, అల్జీమర్స్ ఆగలేదు. ట్రెమ్2ని ఇంకా చురుగ్గా చేసే యాంటీబాడీ ఒకటి 2024లో ట్రయల్‌లో విఫలమైంది. కాపలావాడిని పడుకోబెట్టినా కుదరదు, రెచ్చగొట్టినా కుదరదు, ఏ వయసులో ఎంత అన్నది తేలాలి. దయచేసి ఎవరూ వాట్సాప్‌లో చదివి ముసలివాళ్ళకి నొప్పిమాత్రలు రోజూ వేయొద్దు, కిడ్నీలు పోతాయి. క్రియాటినిన్ రిపోర్టులు ఇచ్చేదాన్ని, చూస్తూనే ఉంటాను.

ఒంట్లో మంటకీ మెదడుకీ ఎంత దగ్గరో మా ఇంట్లోనే చూశాను. 2022 శ్రావణంలో ఒక రాత్రి అమ్మ ఉన్నట్టుండి మంచం దిగి, కొట్టు తాళాలు ఇమ్మని అరిచి, నన్ను తన అప్ప, అంటే మా పెద్దమ్మ, అనుకుని తిట్టింది. జ్వరం లేదు. తమ్ముడి భార్య గాలి సోకిందేమో, తాయెత్తు కట్టిద్దామంది. జబ్బు ఒక్కసారిగా ముదిరిపోయిందనుకుని నేను ఏడ్చాను. తెల్లవారి ఎందుకైనా మంచిదని యూరిన్ పట్టి చూస్తే ఫీల్డు నిండా పస్ సెల్స్. యాంటీబయోటిక్ మొదలుపెట్టిన నాలుగో రోజుకి నెమ్మదించింది, పదిరోజులకి నన్ను పేరు పెట్టి పిలిచింది. కానీ ముందున్న చోటికి పూర్తిగా రాలేదు, ఒక మెట్టు దిగిపోయింది. ఇలాంటి ఇన్‌ఫెక్షన్లు వచ్చిన అల్జీమర్స్ రోగులు తర్వాత త్వరగా దిగజారతారని పరిశోధనల్లో ఉంది. అప్పటికే ఉద్రిక్తంగా ఉన్న మైక్రోగ్లియాకి ఒంట్లోని మంట కబురు చేరి ఇంకా రెచ్చిపోతాయని ఒక వివరణ. ఒక్కరోజులో మనిషి మారిపోతే అది సాధారణంగా అల్జీమర్స్ ముదరడం కాదు, ఏదో ఇన్‌ఫెక్షనో, సోడియం పడిపోవడమో, మలబద్ధకమో, కొత్త మాత్రో ఉంటుంది, వెతకాలి.

సంబంధం తప్పాక తమ్ముడు జన్యు పరీక్ష చేయించుకుంటానన్నాడు. శాంపిల్ పెద్ద ఊరికి పంపిస్తే రిపోర్టు వచ్చేస్తుంది, అందులో కష్టమేమీ లేదు. నేనే వద్దన్నాను. ఈ4 లేదని వస్తే ధైర్యంగా సిగరెట్లు కాలుస్తాడు, ఉందని వస్తే ముప్పై ఏళ్ళు భయంతో బతుకుతాడు, రెండింట్లోనూ వాడు చేయాల్సిన పని మారదు. పరీక్ష పనికొచ్చే చోటు ఉంది. అమెరికాలో 2023లో లెకానెమాబ్, 2024లో డోనానెమాబ్ అని అమైలాయిడ్‌ని తీసేసే ఇంజెక్షన్లకి అనుమతి ఇచ్చారు. అవి మొదటి దశలోనే ఇస్తారు, జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తాయి, నయం చేయవు. ఈ4 రెండు కాపీలున్నవాళ్ళకి వాటితో మెదడులో వాపు, రక్తం చిమ్మడం ఎక్కువ, కాబట్టి మందు ఇచ్చేముందు ఆ జన్యువు చూడాలి. పెళ్ళిచూపులకి ముందు కాదు.

తమ్ముడికి వాడు ఊహించని రక్తపరీక్ష చేశాను. మూడు నెలల సగటు షుగరు 8.4 శాతం, అంటే షుగరు జబ్బు ఉన్నట్టే. బీపీ మాత్ర ఒకరోజు వేసుకుని రెండ్రోజులు మానేస్తున్నాడని అప్పుడే తెలిసింది. లాన్సెట్ అనే వైద్యపత్రిక వేసిన కమిషన్ 2024 నివేదిక ప్రకారం షుగరు, బీపీ, చెవుడు, చూపు తగ్గడం, పొగ, చెడు కొలెస్ట్రాల్, ఒంటరితనం లాంటి 14 కారణాలని జీవితమంతా చూసుకుంటూ వస్తే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో 45 శాతం వరకూ తప్పించడమో ఆలస్యం చేయడమో కుదరొచ్చు. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన జాతీయ అంచనా. ఇన్ని లక్షల ఇళ్ళలో ఉన్న జబ్బుకి ఒక్క మా పిల్ల రక్తాన్ని వేలెత్తి చూపించారు. ఇప్పుడు తమ్ముడు పొద్దున్నే మహేంద్రతనయ గట్టు మీద నడుస్తున్నాడు, నేను వాడి మాత్రల అట్ట వారానికోసారి లెక్కపెడుతున్నాను. అమ్మకి వినికిడి మిషను పెట్టించాం. పెట్టుకున్న మొదటి రోజు, వీధిలో వినిపించిన కోడికూతకి తల తిప్పింది, నాకు అదే పదివేలు.

నిన్నటి ఆదివారం ఇంకో సంబంధం వాళ్ళు వచ్చారు, బరంపురం వాళ్ళు. కాఫీలు అయ్యాక తమ్ముడు తనే మొదలుపెట్టాడు. మా అమ్మకి అల్జీమర్స్, మా పెద్దమ్మకీ ఉండేది, డెబ్బై దాటాక వచ్చింది, నాకు షుగరుంది, అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పాడు. పిల్లాడి తల్లి లోపలి గదిలోకి వెళ్ళి అమ్మ పక్కన కాసేపు కూర్చుంది. అమ్మ ఆవిడని ఎవరి తాలూకని అడిగి, చెయ్యి పట్టుకుని, శనగపప్పు కిలో ఎంత కావాలంది. ఆవిడ అరకిలో చాలమ్మా అంది. ఆలోచించుకుని చెప్తామని వెళ్ళారు. ఇంకా కబురు రాలేదు.